వంద లోపు వేయబడవు

పంటు కూత ప్రెస్సులోకి వినబడుతుంది.
నలభై రెండేళ్ళుగా నాకదే గడియారం.
మొదటి పంటుకి షట్టరు ఎత్తడం,
ఆఖరి పంటుకి చేతులకి కిరసనాయిలు రాసుకుని
సిరా వదిలించుకోవడం.

సీసమంతా మల్లాడి పోలేశు కొనుక్కున్నాడు,
కిలోల లెక్కన.
సూరపరాజు గారు కాటా ముల్లు వంకే చూశారు,
కేసుల వంక చూడలేదు.
శుభలేఖల ఇరవై నాలుగు పాయింటు,
ఎవరూ అడక్క గళ్ళలో కొత్తగానే మిగిలిపోయిన బండి ఱలు,
ప్రతి కార్డుకీ ముందు నిలబడి
అరిగి గుండ్రబడిన శ్రీలు,
అన్నీ ఒకే గోనెలో.
"వలకి గుళ్ళు పోస్తానండి" అన్నాడు పోలేశు.
"బరువుంటే చాలండి, ఏ అక్షరమైతే నాకేంటి?"
నాకు కోపం రావాలి. రాలేదు.

రైసుమిల్లుల బిల్లు పుస్తకాలు,
లేసు పెట్టెల లేబుళ్ళు,
రొయ్యల మేత చీటీలు,
పెద్దకర్మ కార్డులు.
చచ్చినవాళ్ళ పని ఎప్పుడూ సాయంత్రానికే కావాలి.
పెళ్ళివాళ్ళు మాత్రం మూడు ప్రూఫులు దిద్దేవారు.

ఇప్పుడు పెళ్ళికూతురు ఫోనులో నడిచొస్తుంది,
సన్నాయితో సహా.
ముహూర్తం మారితే నిమిషంలో మారుస్తారు.
ఒకసారి మా దగ్గర ముహూర్తం తప్పుపడింది.
బైండింగు కాశీంబీ, నేను, ఒక లాంతరు.
ఆరువందల కార్డుల మీద
గోరంత చీటీలు అంటించాం తెల్లారేదాకా.
మైదా జిగురుకి చీమలొచ్చాయి.
ఆ దంపతుల మనవరాలు ఇంజనీరింగు చదువుతోంది.
ఆ చీటీ ఇంకా ఊడలేదట.

రాజుగారమ్మాయి భ్రమర కొత్త మిషను తెచ్చింది.
బీరువాని పడుకోబెట్టినంత ఉంది.
వాసన లేదు. చప్పుడు కూడా
ఎవరో పక్కగదిలో చీర మడతపెడుతున్నట్టు.
మొదటి పని, రేవులో పంటు టికెట్టు దగ్గర అంటించే
డబ్బుల గళ్ళ బొమ్మ.
"ప్రూఫు చూడు బాబాయ్" అంది.

నలుపు, తెలుపు, నలుపు, నలుపు.
తిరగబడ్డ అక్షరాన్ని సూటిగా చదివే కళ్ళివి.
పక్కకి తిప్పాను, తలకిందులు పెట్టాను,
ఒక్క ముక్క పలకలేదు.
ఏ గడిలో ఏముందో మర్చిపోయిన
టైపు కేసులా చూస్తూ ఉండిపోయింది.
భ్రమర ఫోను చూపించింది. ఫోను చదివింది.
జన్మలో మొదటిసారి
నేను చదవని కాగితం మీద
"సరి" అని రాశాను.

మొన్న మొగల్తూరు నించి ఒకావిడ,
లేసు సూదికి కాయ కాసిన చూపుడువేలు.
"ఒక్క శుభలేఖ కావాలండి.
మావాడు అందరికీ ఫోనుల్లో పంపేశాడు.
నాలుగు మూలలా పసుపెట్టాలి కదండీ,
ఫోనుకెక్కడ పెట్టను?"
నేను గోడ మీద బోర్డు చూపించబోయాను.
నా చేత్తో కూర్చిన బోర్డే.
ఫారం బిగించిన కష్టానికి
వందైనా పడకపోతే కూలి గిట్టేది కాదు.
భ్రమర అప్పటికే మీట నొక్కేసింది.

ఒక్కటి.
పెనం మీంచి తీసిన అట్టులా వెచ్చగా.
ముప్పై రూపాయలు.
ఆవిడ అక్కడే నిలబడి చదువుకుంది,
పెదాలు కదుపుతూ, ప్రతి పేరూ,
ఇంటిపేర్ల దగ్గర ఆగి ఆగి.
నేనేసిన లక్షల్లో ఒక్కదాన్నీ
ఎవరూ అలా చదవగా నేను చూడలేదు.

రాజుగారు లెక్క కట్టారు.
ఇలాంటివాళ్ళు రోజుకి నలభైమంది రావాలి, మిషను వాయిదాకే.
ఇవాళ ముగ్గురొచ్చారు.
అందులో ఒకడు అడ్రసు కనుక్కోడానికి.

పోలేశు పండుగప్ప తెచ్చి, వల గుండొకటి చేతిలో పెట్టాడు.
సరిగా కరగని చోట
బండి ఱ తలకట్టు.
ఇన్నాళ్ళకి దానికో పని దొరికింది,
వశిష్ఠ అడుగున, బురదలో.

సాయంత్రం స్టూలేసుకుని ఎక్కాను.
బోర్డు దింపలేదు.
"వంద" మీద గోరంత చీటీ అంటించాను.
ఇప్పుడది ఇలా చదువుకోవాలి:
ఒకటి లోపు వేయబడవు.
మైదా జిగురే.
చీమలొస్తే రానీ.